పేరుతో దొరకని మనిషి

పోయిన వారం మనం కోడల్ని లైబ్రరీ మూడో అంతస్తులో, కంప్యూటర్ ముందు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆవిడ అలాగే కూర్చుని ఉందనుకునేరు! మధ్యలో ఇంటికెళ్ళింది, వచ్చింది, చిరిగిన పుస్తకాలు మూడు వందలకి కొత్త అట్టలు వేయించింది, మొగుడితో ఒకసారి పోట్లాడి రెండుసార్లు రాజీపడింది. మనసు మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. అత్తయ్యకి మొన్న డెబ్బై నిండాయి. ఏం కావాలో కోరుకోమంటే, చీర కాదు, నగ కాదు, "మా అన్నయ్య ఎక్కడున్నాడో కనుక్కుని చెప్పమ్మా, చాలు" అంది. ఆ అన్నయ్య లిఫ్టుల మేస్త్రి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక లిఫ్టు జారిపడితే, తప్పంతా తనదేనని ఒప్పుకుని, లైసెన్సు తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. మన మామయ్య ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడు. కోడలు లైబ్రేరియన్. అర అంగుళం మందం పుస్తకం పోతేనే వెతికి పట్టుకునేదాన్ని, ఆరడుగుల మనిషొక లెక్కా అనుకుని మాటిచ్చేసింది. మాటివ్వడానికేముంది, నోరుంటే చాలు.

ఆవిడ చేసిన మొదటి పొరపాటు మనందరం చేసేదే. పేరు కొట్టింది. ఆ పేరుగలవాళ్ళు వీధికి ఇద్దరు ఉంటారు కాబట్టి నెట్టు లక్షల్లో జవాబులు కుమ్మరించింది. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరున్నాడు, ఒక కుస్తీ వస్తాదున్నాడు, పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాళ్ళు ముగ్గురున్నారు, ఏడుగురు ఈ లోకంలోనే లేరు. లిఫ్టుల మేస్త్రి లేడు. పేరుకి ముందు ఇంటిపేరు పెట్టి చూసింది, వెనక వృత్తి పెట్టి చూసింది, పాత ఫొటో ఎక్కించి చూసింది. మూడు వారాలు గోడకి తల కొట్టుకున్నట్టే అయింది.

అప్పుడు గానీ ఆవిడకి తన ఉద్యోగం గుర్తు రాలేదు. సెర్చి అనేది పొద్దున్నే పేపరు వేసేవాడి లాంటిది. ఊళ్ళో ప్రతి గేటూ వాడికి తెలుసు, లోపల బీరువాలో ఏముందో తెలియదు. నెట్టులో బీరువాలు కొల్లలుగా ఉన్నాయి. ఆఫీసుల పాత దస్త్రాలు, లైసెన్సు రిజిస్టర్లు, విచారణ కాగితాలు. ఎవరూ దాచలేదు, ఎవరైనా చూడొచ్చు. కాకపోతే మనమే అక్కడికి వెళ్ళాలి, వాళ్ళడిగిన ముక్క వాళ్ళడిగిన తీరులో చెప్పాలి. చెబితే అప్పటికప్పుడు ఆ కాగితం తీసి చూపిస్తారు. పైగా అవన్నీ పాత కాగితాలకి తీసిన ఫొటోలు. ఫొటోలో ఉన్న అక్షరాలు సెర్చి కంటికి మరకల్లాగే కనిపిస్తాయి.

కాబట్టి మనిషిని వెతకడం మానేసి, ఆ మనిషి పని చేస్తే కాగితం ఎక్కడ పుడుతుందా అని ఆలోచించింది. లిఫ్టు పడితే విచారణ జరగాలి. విచారణ జరిగితే ఫైలుండాలి. ఫైలులో మేస్త్రి చిరునామా, సొంతూరు, చుట్టాల వివరాలు ఏవో ఒకటి ఉండి తీరాలి. అలా లిఫ్టుల తనిఖీ ఆఫీసువాళ్ళ పేజీ పట్టుకుంది. ఆ పేజీలో అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో 'పాత దస్త్రాలు' అని ఉంది. నొక్కితే మూడు గడులు వచ్చాయి. సంవత్సరం, నివేదిక రకం, మెషిన్ నంబరు. మూడోదాని పక్కన ఎర్ర చుక్క, అంటే అది నింపకపోతే ముందుకి పోనివ్వదు. పేరుకి గడే లేదు. వీధికి లేదు, బిల్డింగుకి లేదు. పోయిన వారం మనం చూసింది ఆ ఎర్ర చుక్క ముందు కూర్చున్న కోడల్ని.

ఇక ఇవాళ్టి సంగతి. లైబ్రరీకి వారపు సెలవు. చదివేవాళ్ళెవరూ లేరు, పుస్తకాల లెక్క సరిచూసే పని మీద కోడలొక్కతే వచ్చింది. సరిగ్గా ఒంటిగంటకి మామయ్య క్యారియర్ పట్టుకుని వచ్చాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి, రిటైరై పదిహేనేళ్ళు దాటినా చొక్కా జేబులో స్క్రూడ్రైవరు ఉండాల్సిందే. ఏ లిఫ్టెక్కినా గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరు నాడి చూసినట్టు చూస్తాడు. అత్తయ్యతో ఎక్కడికైనా వెళితే ముందు తనొకసారి పైకెక్కి దిగితే గానీ ఆవిడని ఎక్కనివ్వడు. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో ఈ తతంగం చూసి చుట్టాలంతా నవ్వుకుంటారు.

"తింటావా అమ్మా, ఆ డబ్బాని చూస్తూ కడుపు నింపుకుంటావా?"

"వస్తున్నా మామయ్యా. ఒక్క మాట చెప్పండి. ఆ లిఫ్టు మెషిన్ నంబరెంత?"

"ఏ లిఫ్టు?"

"ఏ లిఫ్టేమిటి! పెద్దమామయ్య ఊరొదిలి వెళ్ళారే, ఆ లిఫ్టు."

మామయ్య క్యారియర్ గిన్నెలు విడదీయడంలో పడ్డాడు. మామూలుగా ఒక్క విసురులో విప్పేసేవాడు, ఇవాళ పసిపిల్లకి స్నానం చేయిస్తున్నంత జాగ్రత్తగా విప్పుతున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళ నాటి నంబరు ఎవరికి గుర్తుంటుందమ్మా? నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఇవాళ గుర్తుండదు నాకు."

అదీ నిజమే. ఆ కళ్ళజోడు పొద్దున చెప్పుల స్టాండులో దొరికింది. కోడలు వచ్చి కూర్చుని తినడం మొదలుపెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక, తలెత్తకుండానే అంది:

"మా లైబ్రరీ లిఫ్టు రెండో అంతస్తు దగ్గర మళ్ళీ ఊగుతోంది మామయ్యా. కంపెనీకి ఫోన్ చేస్తే మెషిన్ నంబరు చెప్పమన్నారు. పైన గదిలోకెక్కి చూసి రావాలి."

"దేనికమ్మా ఎక్కడం? మూడు ఒకటి సున్నా ఎనిమిది, ఆరు ఆరు రెండు నాలుగు. రాసుకో."

"మీరెప్పుడు చూశారది?"

"బిగించినప్పుడే. పంతొమ్మిదేళ్ళయింది."

"అమ్మో! అయితే అత్తయ్య పనిచేసిన ఆసుపత్రిలో స్ట్రెచర్ల లిఫ్టుది?"

"రెండు రెండు తొమ్మిది సున్నా, ఒకటి ఐదు ఐదు మూడు. అదో మొండిఘటం. వానాకాలం వస్తే తలుపు పట్టేసేది." మామయ్య మొహం వెలిగింది. పని గురించి అడిగేవాళ్ళు దొరికి ఎన్నాళ్ళయిందో!

"మీరు మొట్టమొదట చెయ్యి పెట్టిన లిఫ్టు?"

"సున్నా ఏడు ఒకటి ఒకటి, నాలుగు తొమ్మిది సున్నా ఆరు. యాభై ఒక్క ఏళ్ళయింది. పాపం, దాన్ని పాత ఇనప సామాన్లకి అమ్మేశారమ్మా. బిల్డింగుల పేర్లు మారతాయి, ఓనర్లు మారతారు. మెషిన్ మీద కొట్టిన నంబరు మారదు. మేం లిఫ్టుల్ని నంబర్లతోనే పిలుచుకుంటాం, మీరు పిల్లల్ని ముద్దుపేర్లతో..."

మాట అక్కడ తెగింది. చెంచా గిన్నె అంచు మీద ఆగిపోయింది. కుడితిలో పడ్డ ఎలకలా మామయ్య అటూ ఇటూ చూశాడు.

"యాభై ఒక్క ఏళ్ళ నాటిది గుర్తుంది," అంది కోడలు మెల్లగా. "ఆ ఒక్కటే మర్చిపోయారా మామయ్యా?"

మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"మర్చిపోలేదు. మర్చిపోదామని ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. నా వల్ల కావడంలేదు."

కోడలికి ముందు కోపమే వచ్చింది. రాదూ మరి! మూడు వారాలుగా పళ్ళ డాక్టర్లకీ వస్తాదులకీ ఉత్తరాలు రాసింది తను. పక్క గదిలో కూర్చుని, "ఇవాళేమైనా దొరికిందా అమ్మా" అని రోజూ అడిగింది ఈయన. ఎంత అమాయకంగా అడిగేవాడని! గట్టిగా నాలుగు అనేద్దామని నోరు తెరిచింది. ఈలోగా ఆయన చేతుల మీద చూపు పడింది. ఆ వేళ్ళు బల్లమీద ఉన్న గిన్నె మూతని తిప్పుతున్నాయి. ఆగకుండా, కుడివైపుకే, దేన్నో బిగిస్తున్నట్టు. కోపం గొంతులోనే ఉండిపోయింది.

"ఆ రోజు బ్రేకు పని నాది," అన్నాడు మామయ్య. "బావ అడుగున కేబుళ్ళ దగ్గరున్నాడు. నేను పైన మెషిన్ గదిలో బ్రేకు లైనింగు మార్చాను, స్ప్రింగు సరిచేశాను. ఆ స్ప్రింగు మీద రెండు లాక్ నట్లుంటాయమ్మా. మొదటిది బిగించి, దాని మీద రెండోది బిగించాలి. అప్పుడే అవి కదలకుండా ఉంటాయి. మొదటిది బిగించాను. అది గుర్తుంది. అంతలో కింద నుంచి కేక. ఇంట్లో ఆవిడకి నొప్పులొస్తున్నాయట, ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఏ చేతిలో ఏముందో కూడా చూసుకోకుండా పరిగెత్తాను. మీ ఆయన పుట్టిన రోజమ్మా అది."

ఈ ముక్క కోడలికి ఇప్పటిదాకా తెలియదు. మొగుడి పుట్టినరోజు ఏటా ఆ ఇంట్లో ఎందుకంత ముక్తసరిగా జరుగుతుందో ఇప్పుడర్థమైంది.

"మర్నాడు పొద్దున నాలుగో అంతస్తు నుంచి జారింది. లోపల ఒక టైపిస్టు అమ్మాయి. రెండు కాళ్ళూ విరిగాయి. ఆర్నెల్లకి లేచి నడిచిందిలే, కానీ ఆ రోజు ఆ అమ్మాయి కేకలు నేను విన్నాను. ఆఫీసరు వచ్చి, 'బ్రేకు మీద చివరగా చెయ్యి పెట్టిందెవరు' అన్నాడు. నేను నోరు తెరిచేలోపల బావ 'నేను' అన్నాడు. తర్వాత పక్కకి లాగి అడిగాను, ఎందుకన్నావు బావా అని. 'నీకు నిన్ననే కొడుకు పుట్టాడు, నాకెవరున్నార్రా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు." మామయ్య గిన్నె మూత పక్కన పెట్టాడు. "అదమ్మా నా తప్పు. రెండో నట్టు బిగించానో లేదో నాకు నిజంగా తెలియదు. నోరు మూసుకుని కూర్చున్నానన్నది మాత్రం తెలుసు. ఆర్నెల్లు పోయాక వచ్చేస్తాడులే అనుకున్నాను. రాలేదు."

కోడలు తన గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆయన తాగలేదు.

"ఆ ఫైలు తెరిస్తే అందులో రాసి ఉంటుంది, నట్టు వదులుగా దొరికిందని. మీ అత్తయ్య చదువుతుంది. అన్నని ఊరు దాటించింది కట్టుకున్న మొగుడేనని తెలుస్తుంది. బావ దొరకడం నాకిష్టం లేక కాదమ్మా. దొరికితే ఆయన కాళ్ళ మీద పడతాను. కానీ దానికి ముందు ఆవిడ మొహంలోకి చూడాలి కదా. ఈ వయసులో నేనా పని చెయ్యలేను. ఆ పేజీ మూసెయ్యి తల్లీ. దొరకలేదని చెప్పెయ్యి."

పెళ్ళై వచ్చిన పన్నెండేళ్ళలో మామయ్య ఆమెని ఏదీ అడగలేదు. ఆమే అడిగేది, ఆయన చేసేవాడు. ఆమె తెల్లవారుజామున చదువుకుంటుంటే నిద్రమాని టేబుల్ లైటు బాగుచేసిన మనిషి. ఈ లైబ్రరీ ఉద్యోగం వచ్చిన రోజు ఆమె కంటే ముందు ఏడ్చిన మనిషి. ఇవాళ మొదటిసారి చెయ్యి చాపితే, అందులో పెట్టడానికి ఆమె దగ్గర అబద్ధం తప్ప ఇంకేమీ లేకపోయింది.

"మీరు చెప్పకపోతే నేను ఆ నంబరు ఇంకోచోట వెతకను మామయ్యా," అంది చివరికి. "ఒట్టు. కానీ దొరకలేదని నేను చెప్పలేను. అత్తయ్య నా మొహం చూసి పట్టేస్తారు. చెప్పాలంటే మీరే చెప్పాలి."

"ఆయనేం చెబుతారు! చెప్పే మనిషైతే ఈపాటికే చెప్పేవారు."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగి చూశారు. తలుపు దగ్గర అత్తయ్య. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుంది, రెండో చేతిలో మందుబిళ్ళల అట్ట. ఆవిడ ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఆ నిలబడ్డ తీరు చూస్తేనే తెలుస్తోంది.

మామయ్య నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో మీరు ఊహించలేరు.

"లిఫ్టులో వచ్చావా? నేను చూడకుండానే?"

"వచ్చాను. పడలేదు. బీపీ బిళ్ళ ఇంట్లోనే వదిలేసి వచ్చారు, ఇచ్చి పోదామని వచ్చాను." అత్తయ్య నడిచి వచ్చి, కుర్చీ లాక్కుని, మొగుడికి ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, రోగి ఎంత కంగారుపడితే అంత నిదానంగా మాట్లాడడం అలవాటు. "ఏవండీ, నెలకి నాలుగుసార్లు నిద్రలో ఏమంటారో తెలుసా మీకు?"

"ఏమంటాను?"

"'నట్టు, నట్టు' అంటారు. ఆ కుడిచెయ్యి ఇలా తిప్పుతుంటారు. నిద్రలో రోగి ఏం మాట్లాడినా రాసుకోవడం నా డ్యూటీ. రాసుకోకపోయినా గుర్తుపెట్టుకున్నాను. అది ఏ నట్టో తెలుసుకోలేనంత మట్టిబుర్ర అనుకున్నారా నన్ను?"

కోడలు అడిగింది. "అంటే మీకు మొదట్నించీ తెలుసా అత్తయ్యా?"

"ఏం జరిగిందో తెలియదమ్మా. ఈయన ఏమనుకుంటున్నారో తెలుసు."

"మరి... మరెందుకు అడగలేదు?" అన్నాడు మామయ్య.

"అడిగితే చెబుతారు. అడక్కుండా చెప్పాలని నా ఆశ. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. చూసి చూసి డెబ్బై ఏళ్ళు వచ్చాయి. ఇంక ఇది మీతో అయ్యే పని కాదని ఈ పిల్లకి అప్పజెప్పాను."

"కోపం లేదా నా మీద?"

"ఎందుకు లేదు? బండెడుంది. ఇంటికెళ్ళాక చూపిస్తాను. ముందు ఆ నంబరు కొట్టండి."

మామయ్య లేచాడు. కంప్యూటర్ ముందు కూర్చుని చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. చూపుడువేలితో ఒక్కొక్క అంకె, ప్రతిదాని ముందూ ఒక్క ఊపిరి సేపు ఆగుతూ, ఎనిమిది అంకెలూ కొట్టాడు. ఒక్కసారి కూడా తడబడలేదు. తీరా నొక్కబోతే, 'నేను రోబోను కాను' అన్న చోట టిక్కు పెట్టమంది ఆ పేజీ.

"ఇదేమిటమ్మా, నేను మనిషినేనని దీనికి కూడా రుజువు చెయ్యాలా?"

"పెట్టండి మామయ్యా. అందరం పెట్టేదే."

ఫైలు వచ్చింది. నలభై ఒక్క పేజీలు, అన్నీ ఫొటోలు. కొన్ని వంకరగా, ఒకటి తలకిందులుగా. టీ కప్పు మరకల మధ్య పాత టైపు అక్షరాలు. కోడలు కుర్చీ మార్చుకుని ఒక్కొక్క పేజీ దాటించింది. బిల్డింగు ఓనరు వాంగ్మూలం, టైపిస్టు అమ్మాయి వాంగ్మూలం, "తప్పు నాది" అన్న మేస్త్రి వాంగ్మూలం. అది మూడే వాక్యాలు. అత్తయ్య ఆ సంతకం మీద వేలు ఆనించి తీసేసింది. ఇరవై తొమ్మిదో పేజీలో 'నిపుణుని పరిశీలన' అని ఉంది. తేదీ చూస్తే ప్రమాదం జరిగిన పద్నాలుగు నెలలకి రాసింది.

"చదువు," అంది అత్తయ్య.

కోడలు చదివింది. "బ్రేకు చేతిని పట్టి ఉంచు పిన్ను విరిగియున్నది. విరిగిన చోట లోపలి భాగమున పాత పగులు కలదు. పగులులోనికి తయారీనాటి రంగు చేరియున్నందున, సదరు లోపము కర్మాగారములోనే ఏర్పడినదని నిర్ధారించడమైనది." కింద ఇంకొక వాక్యం ఉంది. దాన్ని ముందు కళ్ళతో చదువుకుని, తర్వాత పైకి చదివింది. "స్ప్రింగుపై గల లాక్ నట్లు రెండును బిగించియే యున్నవి."

మామయ్య విన్నాడో లేదో తెలియలేదు. తెర వంకే చూస్తున్నాడు.

"ఇంకోసారి చదువమ్మా."

ఇంకోసారి చదివింది.

"రెండూనా?"

"రెండూ మామయ్యా. రెండూ బిగించే ఉన్నాయి."

"రెండూ," అన్నాడాయన. తన కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని, ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు. "నాకు గుర్తులేదే. బిగించినట్టు గుర్తే లేదు."

"చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మీ బుర్రే ముందు పరిగెత్తింది," అంది అత్తయ్య. అని, ఆ అరచేతిలో బీపీ బిళ్ళ పెట్టి, వేళ్ళు తనే మూసింది. అప్పుడు ఏడ్చాడు మామయ్య. చప్పుడు లేకుండా కాదు, గట్టిగానే ఏడ్చాడు. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలని రాసిన బోర్డు కిందే కూర్చుని ఏడ్చాడు. లైబ్రేరియన్ ఆపలేదు సరికదా, తనూ కళ్ళు తుడుచుకుంది.

ఏడుపు కాస్త సద్దుమణిగాక అత్తయ్య కోపం బయటికొచ్చింది. "మరి ఈ ముక్క ఎవరూ చెప్పలేదేం?"

ఎవరు చెబుతారు? రిపోర్టు బిల్డింగు ఓనరుకి ఒకటి, లిఫ్టు కంపెనీకి ఒకటి పంపామని మొదటి పేజీలోనే ఉంది. మేస్త్రి అప్పటికే ఊళ్ళో లేడు. తప్పు నాదేనన్న మనిషి ఉండగా, రెండో మెకానిక్కి కాగితం పంపాలని ఎవరికి తోస్తుంది? ఆ కాగితం అలా ఆఫీసు బీరువాలో ఉండి ఉండి, ఈ మధ్యే ఫొటో తీయించుకుని నెట్టులోకొచ్చింది. మెషిన్ నంబరు తెలిసినవాళ్ళకి తప్ప దొరకదు. ఇంట్లో ఆ నంబరు తెలిసిన ఒక్క మనిషీ చెప్పడానికి భయపడ్డాడు.

"ఇద్దరూ ఇద్దరే," అంది అత్తయ్య. "చెయ్యని తప్పుకి ఆయన ఊరొదిలేశాడు, మీరు నిద్రొదిలేశారు. మధ్యలో నేనేం పాపం చేశానయ్యా? నా అన్నని చూసుకోకుండా ఇన్నేళ్ళు..." నర్సు నిదానమంతా అక్కడితో సరి. మామయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "కనుక్కుందాం," అన్నాడు. "ఇప్పుడు నేను కూడా వెతుకుతాను. నిజంగా వెతుకుతాను."

వాళ్ళని వాళ్ళకి వదిలేసి కోడలు తెర వైపు తిరిగింది. ఏ పుస్తకమైనా వెనక అట్టదాకా చూస్తే గానీ కింద పెట్టకపోవడం ఆమెకి అలవాటు. ముప్పై, ముప్పై ఐదు, నలభై. అన్నీ పసుపు పట్టిన కాగితాలే. నలభై ఒకటో పేజీ మాత్రం తెల్లగా ఉంది.

అది దరఖాస్తు. ఆ ఆఫీసువాళ్ళు ఒక ఫైలు గురించి ఏ కాగితం వచ్చినా, పాతదైనా కొత్తదైనా, ఆ ఫైలుకే తగిలించి ఏ రోజుకారోజు ఫొటో తీసి నెట్టులో పెట్టేస్తారు కాబోలు. నివేదిక నకలు ఇప్పించమని ఎవరో నీలం సిరాతో రాశారు. తేదీ చూస్తే పోయిన నెలది.

"అత్తయ్యా," అంది కోడలు. "ఒకసారి ఇలా వస్తారా?"

అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. పేరు గడి దాకా ఆవిడ చూపు వెళ్ళనేలేదు. మొదటి వరసలోనే ఆగిపోయింది.

"ఇది మా అన్నయ్య రాత," అంది. "తలకట్టు పెట్టాక కలం ఎత్తడు చూడు. బళ్ళో దీనికే దెబ్బలు తినేవాడు. మా అన్నయ్య రాతే ఇది."

మామయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ముగ్గురి తలలూ ఆ చిన్న తెర ముందు ఒక్కచోట చేరాయి. నకలు దేనికోసమని అడిగిన గడిలో ఒకటే వరస ఉంది: 'మా చెల్లెలి భర్తకు చూపించుటకు.'

దాని కింద ఎర్రటి ముద్ర. 'నకలు స్వయంగా అందుకున్నారు.' ముద్ర మధ్యలో తేదీ, నిన్నటిది.

"నిన్న అంటే ఇక్కడే, ఊళ్ళోనే ఉన్నాడు," అన్నాడు మామయ్య. "చూపించడానికి తీసుకున్నాడు. ఇవాళ ఇంటికి వస్తాడు. మనం ఇల్లు మారలేదు కదా, తిన్నగా వచ్చేస్తాడు. ఇంట్లో ఎవరున్నారు?"

కోడలు ఫోను తీసింది. ఆమె భర్త డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. పక్కింటివాళ్ళు ఊరెళ్ళారు.

అత్తయ్య కొంగుకి కట్టుకున్న తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది.

"తాళం వేసొచ్చాను," అంది. "మా అన్నయ్య తలుపు రెండోసారి కొట్టే మనిషి కాదండీ."